చివరి గొంతును రికార్డు చేస్తే భాష దక్కినట్టేనా?

ప్రశ్న: దక్షిణాఫ్రికాలో ‘నూ’ అనే భాష ధారాళంగా వచ్చినవారు ఒక్కరే మిగిలారని చదివాను. ఆమె మాటలన్నీ రికార్డు చేసి దాచుకుంటే భాష దక్కినట్టే కదా? — ఒక పాఠకురాలు

జవాబు: ధ్వనులు దక్కుతాయి. పదాలూ వ్యాకరణమూ కూడా చాలావరకు దక్కుతాయి. దక్కనిది సంభాషణ.

మీరు చదివినది నార్తర్న్ కేప్ రాష్ట్రంలోని అపింగ్టన్ పట్టణంలో స్థిరపడిన కత్రీనా ఎసౌ గురించి అయి ఉంటుంది. ఆమె 1933లో జన్మించారు. కలహారి ఎడారి దక్షిణ ప్రాంతంలో 1931లో జాతీయ వనం ఏర్పడిన తరువాత, అక్కడ వేటతో, దుంపలతో, ఫలాలతో బతికిన నూ భాషీయులు క్రమంగా తమ నేలకు దూరమై, శ్వేతజాతి రైతుల పొలాలకూ పట్టణాల అంచులకూ చెదిరిపోయారు. యజమానులు వెక్కిరించే భాషను పిల్లలకు నేర్పడానికి తల్లిదండ్రులు వెనుకాడారు. పిల్లలు ఆ రైతుల భాష ఆఫ్రికాన్స్ లేదా ఇరుగుపొరుగు భాష నామా మాట్లాడుతూ పెరిగారు. భాష అంతరించిందనే పండితులు భావిస్తున్న కాలంలో, 1990ల చివర ఎల్సీ వాల్‌బోయి అనే వృద్ధురాలు వెలుగులోకి వచ్చారు. భూమి హక్కుల కోసం సాగుతున్న పోరాటంతో పాటే వెతుకులాట జరిగి, మరో ఇరవై పైచిలుకు వృద్ధులు దొరికారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. దూరదూరంగా బతుకుతున్న ఆ వృద్ధులలో చాలామంది దశాబ్దాలుగా ఎవరితోనూ ఆ భాష మాట్లాడలేదు. ‘నీళ్ళను ఏమంటారు?’ అని ఆఫ్రికాన్స్‌లో అడిగితే ఒక మాట వస్తుంది, దానిని నమోదు చేసుకోవచ్చు. కాని ఇద్దరు ముసలమ్మలు ఒకరినొకరు ఎలా ఆటపట్టించుకుంటారో, కథ మధ్యలో పిల్లవాడు అడ్డు తగిలితే చెప్పేవారు ఎలా దారి మళ్ళిస్తారో ఒంటరి వక్త నుంచి రాబట్టడం సాధ్యం కాదు. అందుకే, ఇద్దరు ముగ్గురు వక్తలు బతికి ఉన్నప్పుడే వారిని ఒకచోట కూర్చోబెట్టి, పరిశోధకుడు నోరు మూసుకొని వినడం పదపట్టిక కన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

కత్రీనా ఎసౌ తన ఇంటివద్దనే పిల్లలకు పాటలు, పలకరింపులు, జంతువుల పేర్లు నేర్పారు. 2014లో ప్రభుత్వం ఆమెను ‘ఆర్డర్ ఆఫ్ ది బావోబాబ్’ అనే జాతీయ పురస్కారంతో గౌరవించింది. 2016లో నూ, ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు భాషలలో ఒక పాఠ్యపుస్తకం వచ్చింది. అయినా ఆ పిల్లల ఇళ్ళలో వినిపించేది ఆఫ్రికాన్సే.

ప్రశ్న: ఆ భాషలోని ‘క్లిక్’ ధ్వనులను ఎలా రాస్తారు?

జవాబు: నిలువు గీత, జంట గీతలు, ఆశ్చర్యార్థకం వంటి గుర్తులతో రాస్తారు. మనం జాలిపడినప్పుడు నాలుకను పళ్ళ వెనుక తగిలించి చేసే చప్పుడు అక్కడ నిఖార్సయిన హల్లు. ముద్దు చప్పుడును పోలిన పెదవుల క్లిక్ ప్రపంచంలో అతి కొద్ది భాషలలోనే ఉంది, వాటిలో నూ ఒకటి. ‘నూ’ అనే పేరులోనే ఒక క్లిక్ ఉంది. మన లిపిలో దానికి చోటు లేక వదిలేశాను.

ప్రశ్న: ఇలాంటి భాషల కథలను పూర్వం ఎవరైనా సేకరించారా?

జవాబు: సేకరించారు. నూకు దగ్గరి చుట్టమైన ‘ఖామ్’ భాషను కేప్‌టౌన్‌లో జర్మన్ భాషావేత్త విల్హెల్మ్ బ్లీక్, ఆయన భార్యకు అక్క అయిన లూసీ లాయిడ్ 1870 నుంచి రాసుకున్నారు. కథలు చెప్పినవారిలో పలువురు బ్రేక్‌వాటర్ జైలు నుంచి వచ్చిన ఖైదీలు. 1871లో వచ్చిన కాబ్బో అనే వృద్ధుడు వారిలో మేటి కథకుడు. ఆయన పేరుకు ‘కల’ అని అర్థం. రికార్డింగు యంత్రం లేని ఆ రోజులలో, రాసేవారి కలం అందుకొనేదాకా కథకుడు ఒక్కొక్క పదబంధం దగ్గర ఆగవలసి వచ్చేది. అలా ఆగి ఆగి చెప్పిన కథలో ఊపు ఎంత మిగులుతుందో మీరే ఊహించండి. తన చోటికి తిరిగి వెళ్ళి నలుగురి కథలూ వినాలని ఉందని కాబ్బో స్వయంగా చెప్పిన మాట కూడా ఆ రాతలలో ఉంది. అంతటి కథకుడికి కరువైనది, తన భాషలో తిరిగి కథ చెప్పే మనిషి!

బ్లీక్ 1875లో మరణించినా లాయిడ్ పని మానలేదు. మొత్తం పన్నెండు వేల పుటలకు పైగా పోగయ్యాయి. వాటిలో కొంతభాగం పుస్తకంగా రావడానికి 1911 దాకా పట్టింది. పొయ్యిలోని బూడిదను ఆకాశంలోకి విసిరి పాలపుంతను చేసిన అమ్మాయి కథ ఈ రాతల వల్లనే మనకు తెలిసింది. ఖామ్ మాట్లాడేవారు మాత్రం ఇప్పుడు లేరు. 2000లో దక్షిణాఫ్రికా తన రాజచిహ్నం మీది నినాదానికి ఎంచుకున్నది ఆ భాషనే.

ఆ నోటుపుస్తకాల ప్రతిబింబాలను ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా చూడవచ్చు. చూసేటప్పుడు కథ నడిచే కుడి పుటలతో ఆగకండి. లాయిడ్ ఎడమ పుటలను తరువాత అడిగి తెలుసుకున్న వివరణల కోసం ఖాళీగా ఉంచుకొనేవారు. కథకుడు ప్రశ్నకు జవాబు చెబుతూ వినిపించేది అక్కడే.