డ్రామా సంగతి వదిలేయండమ్మా, అబ్బాయి సంగతి చూడండి

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. మావారు గవర్నమెంటు ఉద్యోగి. అబ్బాయి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. మా చెల్లెలు చెబితే ‘హోమ్‌టౌన్ చా చా చా’ అనే కొరియన్ డ్రామా చూశాను. హీరో నవ్వితే బుగ్గన సొట్టలు పడతాయి, ఎంత బాగుంటాడో! అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాను. ఒకరోజు మావారు కూడా పక్కన కూర్చుని సగం ఎపిసోడ్ చూశారు. “ఈ వయసులో మీ ఇద్దరికీ ఇదేం పిచ్చి” అని అబ్బాయి నవ్వేసరికి ఆయన లేచి వెళ్లిపోయారు. చుట్టాల ముందు కూడా “మా అమ్మ కొరియా వెళ్లిపోతుందట” అని ఆటపట్టిస్తాడు. ఇప్పుడు వాడు వస్తుంటే ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాను. అందులో బామ్మ పంటినొప్పి దాచుకునే చోట ప్రతిసారీ ఏడుపొస్తోంది. ఇది అడిక్షనా? ఎలా మానుకోవాలి?
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: అడిక్షన్ కాదు. మానుకోనక్కర్లేదు. 16 ఎపిసోడ్లు, ఒక్కోటి గంట పైన, అంతే కథ. 2021లో కొరియాలో శని, ఆదివారాలు వేస్తే రెండు నెలల్లోపే అయిపోయింది. మన ఇళ్లలో ఒకే సీరియల్ ఏళ్ల తరబడి చూసే అత్తగారిని ఇది అడిక్షనా అని ఎవరైనా అడిగారా? రాత్రి నిద్ర పోగొట్టుకోకుండా చూసుకోండి, చాలు. సొట్టబుగ్గలు నచ్చినందుకు సంజాయిషీ ఎందుకు? 51 రాగానే కళ్లు మూసుకుపోవు కదా.

నాకూ ఆ డ్రామా ఇష్టమే. అవసరం లేని వైద్యం చేయమన్న పెద్ద డాక్టరుతో గొడవపడి, సియోల్ వదిలి సముద్రం ఒడ్డున ఊరికి వచ్చిన పళ్ల డాక్టరమ్మ. ఆ ఊళ్లో కొళాయి బాగు చేయడం దగ్గర్నుంచి ఏ పనైనా కనీస వేతనానికి చేసిపెట్టే హీరో హాంగ్ దూసిక్. నెట్‌వర్క్ పోయి కాఫీకి డబ్బు కట్టలేక, ఆ పట్నం అమ్మాయి ముసలమ్మల పక్కన కూర్చుని, చేపల్లా వండుకుతినే స్క్విడ్‌లు శుభ్రం చేస్తుంటే నవ్వకుండా ఎవరుంటారు? విషం కలిపే ఆడపడుచు లేదు, ఉరుములు మెరుపులు లేవు. ఒకరి సంగతి ఒకరు పట్టించుకునే ఊరు. మీకు నచ్చడంలో వింతేముంది?

నన్ను ఆలోచనలో పడేసింది మీరు రాసిన బామ్మ మాట. ఆ గామ్రి బామ్మకి స్క్విడ్ అంటే ప్రాణం, నమలలేదు. దవడలో బిగించే కృత్రిమ పళ్లు, అదే ఇంప్లాంట్లు, పెట్టాలంటే వద్దు, పీకేయమంటుంది. కొడుక్కి ఖర్చు పెట్టించడం ఇష్టం లేక. డాక్టరమ్మకి కోపం వచ్చేది అందుకే. మీకు అక్కడే ఏడుపెందుకొస్తోందో ఒకసారి ఆలోచించండి. ఆవిడ పంటినొప్పి దాచింది, మీరు ఫోన్ దాస్తున్నారు. ఆవిడకి కొడుకు మీద జాలి, మీకు కొడుకంటే భయం. మీది ఇంకా కష్టం.

మీ ఉత్తరంలో నాకు బాగా బాధ కలిగించింది మీవారు లేచి వెళ్లిపోవడం. పాతికేళ్లు ఇల్లు నడిపిన మనిషి, భార్య పక్కన అరగంట కూర్చున్నందుకు సిగ్గుపడి వెళ్లిపోయారు! ఆయన హాంగ్ దూసిక్‌లా లేరని మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు, సంతోషం. మీ ఇద్దరి మధ్య లోటేమీ లేదు. లోటల్లా అబ్బాయిని “చిన్నపిల్లాడు, సరదాకి అన్నాడులే” అని వదిలేయడంలో ఉంది. జీతం తెచ్చే కొడుకు ముందు తల్లిదండ్రులు గొంతు తగ్గించుకునే ఇళ్లు ఈమధ్య ఎక్కువ చూస్తున్నాను. అలాంటి ఇళ్లు నాకు నచ్చవు. పిల్లలకి వండిపెట్టడం మన ధర్మమే, ఒప్పుకుంటాను. వాళ్లకి భయపడటం మాత్రం ఏ ధర్మంలోనూ లేదు. పైగా ఇప్పుడు అమ్మానాన్నలను నలుగురిలో నవ్వులపాలు చేసేవాడు రేపు పెళ్లాన్ని చేయడా? ఆ పిల్ల కోసమైనా మీరు నోరు విప్పాలి.

ముందు ఫోన్ బోర్లా పెట్టడం ఆపండి. రాత్రి భోజనాలయ్యాక హాల్లో టీవీలో పెట్టుకోండి. మీవారిని పిలవండి, మొదటి ఎపిసోడ్ నుంచి చూపించండి. మధ్యలో కూర్చుంటే ఎవరు ఎవరో ఆయనకేం తెలుస్తుంది?

అబ్బాయితో మాత్రం ఒంటరిగా మాట్లాడండి. ఏడవద్దు, పాత లెక్కలు తవ్వద్దు. “నువ్వు క్రికెట్ చూస్తే నేను నవ్వలేదు. నన్నూ మీ నాన్ననీ ఇంకోసారి నలుగురిలో అలా అనకు” అంటే చాలు. మళ్లీ చుట్టాల ముందు అంటే అక్కడే, వాళ్ల ముందే చెప్పండి. ఆ పూట ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి. ‘సారీ నాన్నా’ అని మీరే ముందు వెళ్లి బతిమాలొద్దు. అలిగి భోజనానికి రాకపోతే కంచం పట్టుకుని గది దాకా వెళ్లకండి. ఆకలేస్తే వంటిల్లు ఎక్కడుందో అతనికి తెలుసు.