రోళ్లపాడులో గుంటనక్క నిలిచింది, బట్టమేక పిట్ట ఎందుకు పోయింది?

నంద్యాల జిల్లా రోళ్లపాడులో ఒకే గడ్డిమైదానంలో, కొంతవరకు ఒకే తిండి మీద బతికిన గుంటనక్క (ఇండియన్ ఫాక్స్), బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) రెండింటిలో ఒకటే ఎందుకు మిగిలిందని అడిగారు. "నక్క గుడ్లు తినేసింది" అనే మాట తరచూ వింటుంటాం. దొరికితే తింటుంది, నిజమే. కానీ ఈ రెండూ వేల ఏళ్లుగా పక్కపక్కనే బతికాయి కదా!

అసలు తేడా సంతానం లెక్కలో ఉంది. గుంటనక్క ఈతకు 2 నుంచి 4 పిల్లలు, అదీ బొరియలో. తల్లీ తండ్రీ ఇద్దరూ మేపుతాయి. బట్టమేకది సాధారణంగా ఒక్కటే గుడ్డు, గూడంటూ లేకుండా బోడినేల మీద. దాదాపు 27 రోజులు ఆడపిట్టే పొదగాలి. మేకల మంద అటు వచ్చినా, ఊరకుక్క వాసన పట్టినా తల్లి లేచిపోతుంది. ఆ గుడ్డు పోతే చాలావరకు ఆ ఏడాది పోయినట్టే.

రెండోది చోటు. గుంటనక్క 2-4 కిలోల జీవి. ఎలుకలు, మిడతలు, రేగుపళ్లు దొరికితే చేనుగట్టులోనైనా సర్దుకుంటుంది. మగ బట్టమేక 15 కిలోల దాకా తూగుతుంది, దానికి నాలుగు దిక్కులా చూపు ఆనే పొట్టిగడ్డి కావాలి. 1988లో అభయారణ్యం చేసింది 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకే. పిట్ట మేసేది దాని బయటి మెట్టచేలల్లో కూడా. అక్కడికి సాగునీరు వచ్చి పంటలు మారాయి, కంచె లోపల గడ్డి ఏపుగా పెరిగింది.

కరెంటు తీగల బెడద పిట్టకే. కళ్లు తలకు పక్కల ఉండటంతో ఎదుటి చూపు తక్కువ. తీగ దగ్గరపడ్డాక కనిపించినా అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. రాజస్థాన్, గుజరాత్‌లలో ఇలా చచ్చినవి ఉన్నాయి. నక్కకు ముప్పు వేరు: రోడ్లు, ఇంకా ఊరకుక్కల నుంచి సోకే రేబిస్, డిస్టెంపర్ (కుక్కలకొచ్చే వైరస్ జబ్బు).

దుమ్ములో అడుగులు చూసేవాళ్లకి: బట్టమేకకు ముందుకు మూడే వేళ్లు, వెనకవేలు ఉండదు. వెనక గుర్తు పడిందంటే అది నెమలి కావచ్చు, తొందరపడి ఫోటో పెట్టకండి. నాలుగు వేళ్లు, గోళ్ల ముద్రలతో సహా ఉంటే నక్కో కుక్కో; పిల్లి గోళ్లు దాచుకుంటుంది. జంతువే కనిపిస్తే తోక చూడండి, గుంటనక్కదైతే గుబురుగా ఉండి కొన నల్లగా ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బొరియ దగ్గర నిలబడకండి. మనిషి వాసన తగిలితే తల్లి పిల్లల్ని నోట కరుచుకుని మరో బొరియకు మారుస్తుంది.