టెక్ సందేహాలు: మోవర్ డెక్ 42 అంగుళాలే, మరి బ్లేడ్ ఎందుకు పట్టలేదు?

ప్రశ్న: డల్లాస్ శివారులో ఉంటున్నాం. ఇల్లు అమ్మినవాళ్లు క్రాఫ్ట్స్‌మన్ రైడింగ్ మోవర్ (కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి) ఇక్కడే వదిలేసి వెళ్లారు. డెక్, అంటే బ్లేడ్లు తిరిగే కింది గుల్ల, 42 అంగుళాలు. బ్లేడ్లు బాగా అరిగాయి. ఆన్‌లైన్‌లో ‘క్రాఫ్ట్స్‌మన్ 42’ అని వెతికి ఒక జత తెప్పిస్తే, మధ్య రంధ్రం కూర్చోవడమే లేదు. సరైనది కనుక్కోవడం ఎలా?

జవాబు: క్రాఫ్ట్స్‌మన్ అనేది బ్రాండు పేరు. సియర్స్ దుకాణాల కోసం ఆ పేరుతో మోవర్లు తయారుచేసి ఇచ్చిన కంపెనీలు వేరు. అందుకే బ్రాండు, డెక్ కొలత చూసి కొంటే ఇలా అవుతుంది. సీటు పైకెత్తండి. కింద అంటించిన లేబుల్ మీద మోడల్ నంబరు ఉంటుంది. అది 917తో మొదలైతే ఆ మోవర్ హస్క్వర్నా వంశానిది, 247తో మొదలైతే ఎంటీడీది. 2017లో ఈ బ్రాండును స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ కొన్నాక వచ్చిన ‘సీఎంఎక్స్’ మోడళ్ల రైడింగ్ మోవర్లు కూడా ఎంటీడీ తయారీయే. హస్క్వర్నా బ్లేడ్ల మధ్యలో 5 మొనల నక్షత్రం ఆకారపు రంధ్రం ఉంటుంది. ఎంటీడీ 42 అంగుళాల డెక్‌లకు ఎక్కువగా 6 మొనల నక్షత్రం. మీ మోవర్ ఒక కంపెనీది, మీకు వచ్చిన జత బహుశా రెండో కంపెనీది.

మోడల్ నంబరు పూర్తిగా రాసుకుని, దాంతో విడిభాగాల పటం వెతకండి. అందులో డెక్ పేజీ తెరిస్తే బ్లేడ్ పార్ట్ నంబరు కనిపిస్తుంది. పాత బ్లేడ్ తుడిచి చూసినా చాలాసార్లు అదే నంబరు అచ్చుగుద్ది ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కుంది. పాత నంబరుకు కంపెనీలు తర్వాత ముందు అంకెలు చేర్చాయి, లేదా మార్చాయి. హస్క్వర్నా 42 అంగుళాల హై లిఫ్ట్ బ్లేడ్ 134149, ఇప్పుడు 532134149గా దొరుకుతుంది. రెండూ ఒకటే. ఎంటీడీలో 742తో మొదలయ్యేవి 942గా మారాయి. 742-0616 కోసం వెతికితే 942-0616 చూపించారని కంగారుపడక్కర్లేదు. షాపింగ్ యాప్‌లో ‘మీ మోవర్‌కు సరిపోతుంది’ అని వచ్చే పచ్చ టిక్కును మాత్రం నమ్మకండి. అమ్మకందారు ఇచ్చిన పట్టికలో ఒక్క వరుస తప్పైనా ఆ టిక్కు పడుతుంది.

లేబుల్ చిరిగిపోయి, అచ్చు కూడా చెరిగిపోతే టేపు పట్టుకోవాల్సిందే. పొడవును మధ్యగీత వెంట కొలవకూడదు. ఒక కొస పదునంచు మూల నుంచి ఎదుటి కొస పదునంచు మూల దాకా ఐమూలగా కొలవాలి. తిరిగేటప్పుడు గీసే వలయం అదే కాబట్టి. తర్వాత వెడల్పు, మందం, రంధ్రం ఆకారం. నక్షత్రమైతే మొనలు లెక్కపెట్టి, రంధ్రం వెడల్పు కూడా రాసుకోండి. డెక్ కింద ఎన్ని బ్లేడ్లున్నాయో కూడా చూడాలి. 42 అంగుళాల డెక్‌లో సాధారణంగా రెండే, ఒక్కోటి సుమారు 21 అంగుళాలు. 54 అంగుళాల డెక్‌లో అయితే మూడు.

పొడవు విషయంలో కాస్త అటూ ఇటూ ఫరవాలేదనుకోవడం ప్రమాదం. 21 అంగుళాల బ్లేడ్ ఒక చుట్టు తిరిగితే కొస సుమారు ఐదున్నర అడుగులు ప్రయాణిస్తుంది. నిమిషానికి 3,400 చుట్లనుకుంటే 18,700 అడుగులు. అంటే గంటకు 210 మైళ్ల పైమాట. అమెరికా భద్రతా ప్రమాణం కొస వేగానికి పెట్టిన హద్దు నిమిషానికి 19,000 అడుగులు. అదే డెక్‌కు 22 అంగుళాల బ్లేడ్ వేస్తే ఆ హద్దు దాటేస్తుంది. డెక్ గోడకో, పక్క బ్లేడ్‌కో తగిలే అవకాశం దానికి అదనం. పొట్టిదైతే ప్రమాదం లేదు గానీ, రెండు బ్లేడ్ల మధ్య కోయని గడ్డి చారగా మిగులుతుంది.

ప్రశ్న: షార్లెట్‌లో మాది టాల్ ఫెస్క్యూ గడ్డి. హై లిఫ్ట్, లో లిఫ్ట్, మల్చింగ్, త్రీ ఇన్ వన్ అని ఇన్ని రకాలున్నాయి. ఏది తీసుకోవాలి?

జవాబు: కోసిన గడ్డిని ఏం చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. బ్లేడ్ వెనక అంచున పైకి లేచిన రెక్కను చూడండి. అది ఎంత ఎత్తుగా ఉంటే గాలిని అంత బలంగా పైకి లాగుతుంది, గడ్డిని నిలబెడుతుంది, కోసినదాన్ని విసిరికొడుతుంది. అదే హై లిఫ్ట్. సంచిలో పట్టేవాళ్లకు ఇదే కావాలి, లేకపోతే గొట్టం మధ్యలోనే గడ్డి ఇరుక్కుపోతుంది. ఇంజిన్ మీద భారం మాత్రం ఎక్కువ. ఫ్లోరిడా వంటి ఇసుక నేలల్లో హై లిఫ్ట్ వాడితే ఇసుక కూడా పైకి లేచి రెక్కను సానరాయిలా అరగదీస్తుంది, అక్కడ రెక్క తక్కువెత్తు ఉండే లో లిఫ్ట్ నయం.

మల్చింగ్ బ్లేడ్‌కు వంపులు ఎక్కువ, పదునంచు పొడవు. గడ్డిని డెక్ లోపలే తిప్పి మళ్లీ మళ్లీ కోసి పొడిలా నేలకు దింపుతుంది. పక్కన గడ్డి బయటికెళ్లే దారిని మల్చ్ మూతతో మూసినప్పుడే ఇది సరిగ్గా పనిచేస్తుంది. చాలామంది బ్లేడ్ కొని మూత కొనరు, ఆ తర్వాత బ్లేడ్ మంచిది కాదంటారు. ఇంకో షరతు, ఒకసారికి గడ్డి ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ కోయకూడదు. ఫెస్క్యూను మూడు, మూడున్నర అంగుళాల దగ్గర ఉంచాలంటే నాలుగున్నర, ఐదు అయ్యేలోపే కోయాలి. వానలకు వసంతంలో అది ఆగకుండా పెరుగుతుంది. వారం దాటితే మల్చింగ్ బ్లేడ్ కింద తడి గడ్డి ముద్దలు కడుతుంది. వారానికోసారి కచ్చితంగా కోస్తారంటే మల్చింగ్ తీసుకోండి, ఆ పొడి నేలకే ఎరువవుతుంది. ఆకులు రాలే కాలంలో సంచి కూడా వాడతారంటే, మల్చింగ్‌కూ సంచికీ పక్కకు విసరడానికీ పనికొచ్చే త్రీ ఇన్ వన్ సర్దుబాటుగా ఉంటుంది. ఏదైనా అన్ని స్పిండిళ్లకూ (బ్లేడ్లను తిప్పే ఇరుసులకు) ఒకే రకం, ఒకేసారి మార్చాలి.

ప్రశ్న: కొత్త బ్లేడ్లు వేసినా మోవర్ అదురుతోంది. గడ్డి కోసినట్టు కాదు, పీకినట్టుంది.

జవాబు: పీకినట్టుందంటే ముందు బ్లేడ్ తిరగబడిందేమో చూడండి. రెక్క డెక్ వైపు, అంటే పైకి ఉండాలి. ‘ఈ వైపు కిందికి’ అన్న అచ్చు నేలవైపుండాలి. వంగి చూసేముందు ఇంజిన్ ఆపి తాళంచెవి బయటికి తీసి, బ్రేకు వేసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయండి. రెండు సిలిండర్ల ఇంజిన్‌కు ప్లగ్‌లూ రెండు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చెయ్యి పెట్టకండి, స్టాండ్లు వేయండి.

అదురుకు ఎక్కువగా కారణం నక్షత్రం. బ్లేడ్ నక్షత్రం రంధ్రం స్పిండిల్ నక్షత్రం మీదికి పూర్తిగా దిగకుండానే బోల్టు బిగిస్తే, బిగిసినట్టే అనిపిస్తుంది. నడిచాక మొనలు నలిగి బ్లేడ్ వంకరగా తిరుగుతుంది. విప్పి, చేత్తో ఆడించి, గట్టిగా కూర్చున్నాకే బిగించాలి. బ్లేడ్ కదలకుండా డెక్ గోడకూ దానికీ మధ్య చెక్క ముక్క అడ్డం పెట్టండి. ఎంటీడీ స్పిండిల్ నట్టుకు 15/16 అంగుళాల సాకెట్ పడుతుంది, బిగువు 70 నుంచి 90 ఫుట్-పౌండ్లు. హస్క్వర్నా బోల్టుకు 45 నుంచి 55 చాలు, ఎంటీడీ లెక్కన బిగిస్తే బోల్టు పాడవుతుంది. మిగతా కంపెనీల సంఖ్య మాన్యువల్‌లో చూసుకోండి.

తర్వాత బ్లేడ్ కొసను పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. టకటకమంటే స్పిండిల్ బేరింగ్ పోయింది, ఎంత మంచి బ్లేడ్ వేసినా లాభం లేదు. ఊపు లేకపోతే చదునైన నేల మీద ఒక కొస నుంచి నేలకు దూరం కొలిచి, బ్లేడ్‌ను సగం చుట్టు తిప్పి రెండో కొసను అదే చోట కొలవండి. తేడా 3 మిల్లీమీటర్లు దాటితే బ్లేడో స్పిండిలో వంగింది. బ్లేడ్‌ను సుత్తితో సరిచేయడం, వెల్డింగ్ చేయించడం వద్దు, పగిలి ఎగిరితే మనిషికే తగులుతుంది.

పాత జతను పారేయకండి. రెక్క పలచబడి చీలిక కనిపించకపోతే, వంపు లేకపోతే, సుమారు 30 డిగ్రీల కోణంలో సానపట్టి దాచుకోవచ్చు. సానపట్టాక శంకువు ఆకారపు బ్యాలెన్సర్ మీద పెట్టి తూకం చూడండి, ఏ వైపు దిగితే ఆ వైపు ఇంకాస్త సానపట్టాలి. నక్షత్రం రంధ్రం ఉన్నవాటిని మేకుకు తగిలిస్తే ఏదో ఒక మొనలో ఆగి తూకం తప్పుగా చూపిస్తుంది.