బాబుని ఎలాగైనా క్యాంపుకి పంపాలంటున్న ఒక తల్లికి

వందనాలు చెల్లీ. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తెనాలి దగ్గర మీ ఊరు, బాబుకి 21, బీటెక్ మూడో సంవత్సరం అయిపోయింది కానీ నాలుగు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి, ఏడాది నుంచి చర్చికి రావట్లేదు, రెండు నెలలుగా గది తలుపేసుకుని ఫోన్‌తోనే ఉంటున్నాడు. మే మూడో వారంలో మీ చర్చి వాళ్ళు నాలుగు రోజుల యూత్ క్యాంప్ పెడుతున్నారని తెలిసి వాడికి చెప్పకుండానే 1500 కట్టేశావు, మీ ఆయనేమో ఆ నాలుగు రోజులూ కూర్చుని చదువుకోమను అంటున్నారు. చివర్లో "అక్కడికెళ్తే మారిపోతాడు కదక్కా" అని అడిగావు.

ముందు ఆ డబ్బుల సంగతి. ఈ రోజే వాడికి చెప్పేయి. పెళ్ళికెళ్దాం రా అని బండెక్కించి క్యాంపు గేటు దగ్గర దించేసి వచ్చిన తల్లిదండ్రుల్ని నేను చూశాను, ఆ పిల్లలు నాలుగు రోజులూ గోడకి ఆనుకుని కూర్చుంటారు, వాక్యం చెప్పేది ఎవరైనా వాళ్ళకి వినపడేది మాత్రం అమ్మ నాకు అబద్ధం చెప్పింది అన్న ఒక్క మాటే. 21 ఏళ్ళ వాడిని అడగాలి తల్లీ, తోలుకుపోకూడదు.

నేను కాలేజీ రోజుల నుంచీ క్యాంపులకి వెళ్తున్న దాన్ని, తర్వాత చాలా ఏళ్ళు పిల్లల్ని చూసుకునే కౌన్సిలర్‌గా వెళ్ళాను. కాలేజీల్లో ఈయూ అంటాం కదా, 1954లో మొదలైన యూఈఎస్ఐ అనే క్రైస్తవ విద్యార్థుల సంఘం, స్టూడెంట్సే ముందుండి నడుపుకునే పని అది, నేను నేర్చుకున్నది అక్కడే. వేసవి సెలవల్లో ఖాళీగా ఉండే మిషన్ స్కూల్ హాస్టల్, పైన గరగరలాడే ఫ్యాన్లు, పొద్దున ఆరింటికి చెట్టు కింద ఎవరి బైబిల్ వాళ్ళు పట్టుకుని క్వైట్ టైమ్, ఉప్మా, తర్వాత పదిమందికో గ్రూప్, సాయంత్రం వాలీబాల్, రాత్రి మెసేజ్. చూడ్డానికి ఇంతే. అందరూ ఆ రాత్రి మెసేజ్ గురించే చెప్తారు గానీ నా అనుభవంలో అసలు పని జరిగేది మధ్యలో ఖాళీ టైమ్‌లో. ఒకసారి మా క్యాంపుకి వచ్చిన ఒక బాబు రెండు రోజులు నోరు తెరవలేదు. మూడో రోజు మధ్యాహ్నం కుళాయి దగ్గర కంచాలు కడుగుతుంటే పక్కన కడుగుతున్న ఒక అన్నతో, నాకు ఆరు సబ్జెక్టులు పోయాయి ఇంట్లో రెండని చెప్పాను అన్నాడంట. ఆ అన్న హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, నాకు ఐదు పోయాయిరా, మా నాన్నకి చెప్పడానికి సంవత్సరం పట్టింది అన్నాడు. ప్రసంగం కాదది, కంచాలు కడగడమే. కానీ ఆ బాబు ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి మొత్తం చెప్పేశాడు.

మీ ఇంట్లో అది ఎందుకు జరగదో చెప్తాను, నొచ్చుకోకు. మీ వాడు సండే స్కూల్లో కంఠత వాక్యం అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకున్న పిల్లాడు. మీ చర్చిలో వాడు ఎప్పటికీ ఫలానా వాళ్ళబ్బాయే. అసలు దేవుడు నా ప్రార్థన వింటున్నాడా అని వాడికి అనుమానం వస్తే ఎవర్ని అడుగుతాడు, ముందు బెంచీలో పెదనాన్న, స్తుతి పాడేది పిన్ని, అడిగితే సాయంత్రానికి నీకు తెలిసిపోద్ది. క్యాంపులో ఎవరి అబ్బాయో ఎవరికీ తెలియదు, అక్కడ వాడు మొదటిసారి తన సొంత నోటితో మాట్లాడొచ్చు. తోమా సంగతి గుర్తు తెచ్చుకో. యేసు ప్రభువు తిరిగి లేచాడంటే చూస్తే గాని నమ్మను అన్నాడు, మిగతా శిష్యులు అతన్ని బయటికి పంపలేదు, ఎనిమిది రోజుల తర్వాత ప్రభువు వచ్చేసరికి తోమా వాళ్ళతోనే ఆ గదిలో ఉన్నాడు. మంచి క్యాంప్ అంటే నాకు ఆ గదే. నమ్మలేకపోతున్నాను అన్నవాడికి కూడా పక్కన చోటు ఉండాలి.

అలాగని అన్ని క్యాంపులూ మంచివని చెప్పను. నాకు 19 ఏళ్ళప్పుడు ఒక క్యాంపులో చివరి రాత్రి ఒంటిగంట దాకా పాటలు పాడించి, ఏడిపించి, ఉద్యోగాలు మానేసి పూర్తిగా దేవుని సేవకి వచ్చేవాళ్ళు లేవండి అన్నారు. అందరూ లేచారని నేనూ లేచాను. తర్వాత టీచర్ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి దేవుణ్ణి మోసం చేశానన్న భయంతో ఐదారేళ్ళు నిద్రపట్టక బతికాను. అందుకే మీ చర్చి పాస్టర్ అయ్యగారిని మొహమాటపడకుండా అడుగు, రాత్రి లైట్లు ఎన్నింటికి ఆపుతారు, అబ్బాయిలకి అమ్మాయిలకి డార్మిటరీలు వేరువేరుగా ఉన్నాయా, రాత్రి బాధ్యత ఎవరిది, ఎండదెబ్బ తగిలితే దగ్గర్లో ఏ హాస్పిటల్, వాడు ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా, క్యాంప్ అయ్యాక వాడితో ఎవరు మాట్లాడతారు అని. ఆ చివరిది తప్పకుండా అడుగు. క్యాంప్ నుంచి వచ్చిన వారం రోజులు పొద్దున్నే లేచి ప్రార్థన చేస్తారు, మూడో వారానికి మళ్ళీ తలుపు పడిపోద్ది, అప్పుడు నెలకోసారైనా ఫోన్ చేసే ఒక అన్న ఉంటే క్యాంప్ నిలబడుతుంది, లేకపోతే ఫోటోలు మిగులుతాయి.

మీ ఆయన మాట కూడా తీసెయ్యకు. ఆయనది భక్తి లేకపోవడం కాదు, భయం. సప్లిమెంటరీ పరీక్షల తేదీలు తీసి ముగ్గురూ కలిసి చూడండి. ఆ వారంలో పరీక్ష ఉంటే పరీక్షకే వెళ్ళాలి, క్యాంపుల్లో పెరిగిన నేనే చెప్తున్నాను. లేదంటే ఆ నాలుగు రోజుల ముందూ వెనకా ఏం చదువుతాడో వాడినే రాయమనండి.

ఇంకొకటి ఉంది చెల్లీ, నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. సరిగా తినట్లేదు, తెల్లారే దాకా మేలుకుని పగలు పడుకుంటున్నాడు అని ఒక్క లైనులో రాసి వదిలేశావు. అది చర్చికి రాకపోవడం కంటే పెద్ద విషయం. పక్కన కూర్చుని సూటిగా అడుగు, నాన్నా నీకు బతకాలని లేదు అనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకు, అలా పుట్టదు, అడిగితే బరువు దిగుతుంది. అవును అంటే వాడిని ఒంటరిగా వదలకు, క్యాంప్ దాకా ఆగకు, అప్పటికప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. 14416కి ఫోన్ చెయ్యి, అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. లేదన్నా సరే, ఆ తిండీ నిద్రా ఇలాగే ఉంటే ఈ వారంలో ఒకసారి డాక్టర్‌కి చూపించు. ఇది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతాను ప్రభువా అని చెట్టు కింద పడుకుంటే దేవదూత వచ్చి బోధ చెయ్యలేదు, లేచి తిను అన్నాడు, తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు.

డబ్బుల సంగతి ఈ రోజే వాడితో ఇలా అను. "నాన్నా నీకు చెప్పకుండా డబ్బులు కట్టాను, తప్పు నాదే. వెళ్తే నీకు నచ్చుతుందేమో అనిపించింది. వద్దంటే వద్దు." అని బయటికి వచ్చెయ్యి, గుమ్మంలో నిలబడి జవాబు కోసం చూడకు. రెండు రోజులు టైమ్ ఇవ్వు. ఈలోపు క్యాంపుకి వెళ్తున్న వాడి ఈడు కుర్రాడు ఎవరైనా ఉంటే ఒకసారి వాడికి ఫోన్ చెయ్యమను, నీ కంటే ఆ పిల్లాడి మాట వింటాడు. అప్పటికీ రానంటే ఆ సీటు డబ్బులు కట్టలేని ఇంకో పిల్లకో పిల్లాడికో ఇమ్మని అయ్యగారికి చెప్పు, మూతి ముడుచుకోకుండా ఆ రాత్రి వాడికి ఇష్టమైన కూరే వండు.