పాత క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

పగలంతా ఆఫీసులో ఎడిటింగ్ చేసి, రాత్రి ఇంటికొచ్చి మళ్లీ పాత వీసీఆర్‌తో కుస్తీ పడుతున్నావని మీ అమ్మ బెంగపడుతోంది. నాకు మాత్రం ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. డెడ్‌లైన్ లేని పని ఒకటి చేతిలో ఉన్నప్పుడే ఎడిటర్‌కి తన పనిముట్లు లోపలిదాకా అర్థమవుతాయి. మానకు. అయితే నీ చేతిలో ఉన్నవి మన ఇంటి పెళ్లి క్యాసెట్లు. అవి పాడైతే ఇంకో కాపీ ఎక్కడా లేదు.

క్యాసెట్ మెషీన్‌లో పెట్టే ముందు, దాని కిటికీలోంచి టార్చి వేసి టేపు అంచులు చూడు. తెల్లగా పొడిలాగో మచ్చల్లాగో కనిపిస్తే అది బూజు. చెన్నై తేమకి ఇది మామూలే. తెలియక వేశావంటే బూజు, మెషీన్‌లో టేపుని చదివే హెడ్లకి అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకీ పాకుతుంది. బూజు పట్టిన క్యాసెట్‌ని విడిగా కవర్లో పెట్టు, శుభ్రం చెయ్యడం తెలిసినవాళ్లకే ఇద్దాం. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, రివైండ్ చేసి, అప్పుడు ప్లే చెయ్యి. ఏళ్ల తరబడి చుట్టుకుని ఉన్న టేపు కాస్త సర్దుకుంటుంది.

హెడ్లు తుడవడానికి దూదిపుల్ల వద్దు, పోగులు చిక్కుకుంటాయి. ప్లగ్గు తీసేసి, మెత్తటి షామీ తోలుముక్కని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, కదలకుండా ఆనించి పట్టుకుని, హెడ్లు బిగించి ఉన్న గుండ్రటి డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరిగిపోవచ్చు. కొత్త వీసీఆర్లు ఇక రావు. ఆఖరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో పాతది దొరికితే, డబ్బులిచ్చే ముందు అక్కడే పనికిరాని క్యాసెట్ ఒకటి వేయించి చూసుకో.

నీకు గట్టిగా చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను. క్యాప్చర్ చేసేటప్పుడు, అంటే టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు, ఏదీ బాగుచెయ్యకు. రంగు సరిచెయ్యడం, నాయిస్ తీసెయ్యడం, పెద్దది చెయ్యడం, ఏదీ వద్దు. టేపులో ఏముందో అది 720x576 పిక్సెళ్లలో, ఇంటర్లేస్‌గానే (ఒక్కో ఫ్రేముని రెండు సగాలుగానే ఉంచి), లాస్‌లెస్‌గా, అంటే ఏదీ పోకుండా దించు. కంప్రెస్ చెయ్యకపోతే గంటకి సుమారు 75 జీబీ అవుతుంది. ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) వాడితే ఒక్క పిక్సెల్ మారకుండానే సైజు బాగా తగ్గుతుంది. అది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా వస్తుంది. దాని వివరాలన్నీ 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9043 అనే బహిరంగ పత్రంగా బయటపెట్టారు కాబట్టి, ఏ కంపెనీ మూతపడ్డా మన ఫైలు తెరుచుకుంటుంది. మినీడీవీ టేపులు ఎలాగూ డిజిటలే. వాటిని ఫైర్‌వైర్ కేబుల్‌తో నేరుగా కాపీ చేసుకో, గంటకి 13 జీబీ చాలు.

మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్ వీడియోలో సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు (గీత విడిచి గీతగా రెండు సగాలు), అంటే సెకనుకి 50 క్షణాలు. చాలామంది డీఇంటర్లేస్ చేసి, అంటే ఫీల్డుల్ని కలిపేసి, 25కి కుదించేస్తారు. తలంబ్రాలు పోస్తున్న చేతుల కదలికలో సగం అక్కడే పోతుంది. నువ్వు కాపీ మీద, ఒక్కో ఫీల్డునీ ఒక ఫ్రేముగా మార్చే బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ వేసి 50 ఫ్రేములుగా తీసి చూడు, తేడా నీకే తెలుస్తుంది. మినీడీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది. అది తిరగేస్తే మనుషులు ముందుకీ వెనక్కీ తడబడినట్టు కనిపిస్తారు. 4:3 బొమ్మని వెడల్పు స్క్రీన్‌కి సాగదీసి అందరినీ లావు చెయ్యకు.

ఏఐతో బొమ్మని పెద్దది చేసే అప్‌స్కేల్ అంటే నీకు మోజని తెలుసు. కాపీ మీద ఎంతైనా ఆడుకో. కానీ టేపులో లేని వివరాన్ని అది ఊహించి గీస్తుంది. మీ అమ్మమ్మ ముడతలు తీసేసి, కళ్లకి ఎవరివో రెప్పలు పెట్టి, అచ్చం నిజంలాగే చూపిస్తుంది. రేపు నీ పిల్లలు ఆ ముఖమే అమ్మమ్మది అనుకుంటే నా మనసు ఒప్పుకోదు. అలాంటి ఫైలు పేరులోనే ఏఐ అని రాసి, అసలుది పక్కనే ఉంచు.

ఒక్కో క్యాసెట్ అయ్యాక మీ అమ్మని కూర్చోబెట్టి ఎవరెవరో చెప్పించుకుని, ఫైలు పక్కన నోట్‌ప్యాడ్‌లో ఎన్ని నిమిషాల దగ్గర ఎవరున్నారో తెలుగులోనే రాసిపెట్టు. ఈ పని మాత్రం వాయిదా వెయ్యకు. టేపులకన్నా ముందు మనుషుల జ్ఞాపకాలు చెదిరిపోతాయి.

మీ ఇల్లు వేళచ్చేరిలో, అదీ గ్రౌండ్ ఫ్లోర్. 2015 డిసెంబరు వరదల్లో ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఫొటోలూ క్యాసెట్లూ నీళ్లపాలయ్యాయో నీకూ తెలుసు. అసలు టేపులు అటక మీద పెట్టు. రెండు డ్రైవ్‌లలో కాపీలు తీసి, కాపీలో తేడా రాలేదని తేల్చే ఎండీ5 కోడ్ సరిచూసుకుని, మూడో కాపీ ఆదివారం సాలిగ్రామంలో మా ఇంటికి పట్టుకురా. మాది మూడో అంతస్తు, బీరువాలో చోటుంది. వచ్చేటప్పుడు నీ క్యాప్చర్ కార్డు కూడా తే, నా దగ్గరున్న ఎస్-వీడియో కేబుల్‌తో ఒకసారి కలిపి చూద్దాం.

మీ మావయ్య