చెల్లెలి పెళ్లి రోజే ఒప్పుకున్న ఆర్డర్: ఒక ఫొటోగ్రాఫర్ చిక్కు

ప్రశ్న: నాకు ఇరవై తొమ్మిదేళ్లు. మాది నకిరేకల్ దగ్గరి పల్లె. ఏడో తరగతిలో ఉండగా మేనమామ ఇచ్చిన పాత రీలు కెమెరాతో ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. డిగ్రీ అయ్యాక నల్లగొండలో ఒక స్టూడియోలో పనిచేసి, మూడేళ్ల క్రితం అక్కడే మడిగె అద్దెకు తీసుకొని సొంతంగా స్టూడియో పెట్టుకున్నాను. చిన్నప్పటి నుంచి ఇంట్లో ప్రతి శుభకార్యానికీ నేనే ఫొటోలు తీశాను కనుక, బంధువులు ఇప్పటికీ ఉచితంగానే తీయమంటారు. మాఘమాసంలో బావగారి చెల్లెలి పెళ్లికి ఆల్బం ఖర్చు కూడా నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి నా భార్యకూ నాకూ గొడవలు. వచ్చే శ్రావణంలో పెదనాన్న కూతురి పెళ్లి ఉంది. అదే రోజుకు మిర్యాలగూడలో ఒక ఆర్డర్‌కు ముందే అడ్వాన్స్ తీసుకున్నాను. "చెల్లెలి పెళ్లికి రాకపోతే నా గడప తొక్కవద్దు" అంటున్నారు నాన్న. కొత్త కెమెరాల కోసం పొలం తాకట్టు పెట్టమని అడిగితే, "నీ ఆటకు భూమి పెట్టను" అన్నారు. స్టూడియో మూసి ఉద్యోగం చూసుకోవాలా?

జవాబు: మీరు రాసినవి మూడు వేర్వేరు తగాదాల్లా కనిపిస్తున్నా, మూడింటికీ మూలం ఒక్కచోటే ఉందని నాకు అనిపిస్తోంది. ఏడో తరగతి పిల్లవాడు ఫొటోలు తీస్తుంటే పెద్దలు ముచ్చటపడ్డారు. రీలుకూ, దాన్ని కడిగించడానికీ అయిన ఖర్చు వారే భరించి ఉంటారు. ఆ పనికి ధర కట్టాలన్న ఆలోచన ఎవరికీ రావలసిన అవసరం లేకపోయింది. తరువాత మీరు మడిగె తీసుకున్నారు, అద్దె కడుతున్నారు. అయితే ఆ సరదా మీకు బతుకుదెరువుగా మారిన సంగతిని ఇంటివారికి నోరు తెరిచి చెప్పినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరు చెప్పని సంగతిని గ్రహించలేదని బంధువులను స్వార్థపరులనుకోవడం న్యాయం కాదు.

ముందు శ్రావణమాసపు చిక్కు చూద్దాం. అడ్వాన్స్ తీసుకోవడమంటే మాట ఇవ్వడమే. తాళి కట్టే ఘడియను మరునాడు మళ్లీ తీయలేరు కనుక, ఆ కుటుంబాన్ని నడిమధ్యలో వదిలేసే హక్కు మీకు లేదు. కానీ వారు మిమ్మల్నే కోరుకుంటున్నారా, మీ స్టూడియో తరఫున ఎవరు వచ్చినా సరేననుకుంటున్నారా అన్నది వారినే అడిగి తెలుసుకోవచ్చు. వ్యవధి ఉండగానే మిర్యాలగూడ వెళ్లి, ఉన్న పరిస్థితి దాచకుండా చెప్పి, మీరు పూచీ పడగల మరో ఫొటోగ్రాఫర్ చేసిన ఆల్బంలు చూపించి, అతను వస్తే సమ్మతమేనా అని అడగండి. మనస్ఫూర్తిగా సరేనంటే మీరు చెల్లెలి పెళ్లికి వెళ్లండి. ఏ మాత్రం తటపటాయించినా, బలవంతం చేయకుండా ఆర్డర్‌కు మీరే వెళ్లండి. వారికి చెప్పకుండా మనిషిని మార్చడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఇలా అడగడం చిన్నతనమేమీ కాదు. ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా ఉంటూ ఇష్టం కొద్దీ కెమెరా పట్టిన లాలా దీన్ దయాళ్, తరువాత ఆ కొలువు వదిలి సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. మన మహబూబ్‌నగర్ ఎవరి పేరున వెలిసిందో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాగ్రాహకులయ్యారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ఆయన తెరిచిన జనానా స్టూడియోను ఒక ఆంగ్ల మహిళ నిర్వహించారు. తాను అడుగుపెట్టలేని చోట కూడా తన స్టూడియో పని సాగేలా ఏర్పాటు చేసుకోవడం ఆయనకు తెలుసు. మీరూ నమ్మకమైన ఒకరిద్దరిని తయారు చేసుకోనంతకాలం ప్రతి సీజన్‌లోనూ ఇదే ఇరకాటం ఎదురవుతుంది.

ఇక నాన్నగారి మాటను మరోసారి చదువుకోండి. "చెల్లెలి పెళ్లికి రాకపోతే" అన్నారు కానీ, "ఫొటోలు తీయకపోతే" అనలేదు. ఆయనకు కావలసింది పెళ్లి పందిట్లో అన్నగా నిలబడే కొడుకు. కనుక ఆర్డర్‌కు వెళ్లక తప్పకపోతే, ముందు రోజుల్లో ఆ ఇంట్లో ఉండండి. పోచమ్మకు బోనం తీసేనాడూ, మైలపోలు నాడూ పక్కనే ఉండి పనులు అందుకోండి. అంతకంటే ముందు, నాన్నగారిని వెంటబెట్టుకొని పెదనాన్నగారింటికి వెళ్లి విషయం చెప్పండి. ఫోన్లో చెప్పడానికి ఇది తగిన విషయం కాదు. మీరు ఏ పెళ్లికి వెళ్లినా, చెల్లెలి పెళ్లిలో కెమెరా పట్టే మనిషిని మాత్రం మీరే మాట్లాడి పంపండి. అతని కూలి మీ తరఫు కట్నంగా ఉండనివ్వండి. ఆల్బం అచ్చుకూ, డ్రోన్ అద్దెకూ అయ్యే ఖర్చు పెదనాన్నగారిదని అక్కడే, అప్పుడే, మర్యాదగా చెప్పండి.

మున్ముందుకూ ఈ పద్ధతినే ఖాయం చేసుకోమంటాను. తోబుట్టువులకూ, పెదనాన్న చిన్నాన్నల పిల్లలకూ మీ శ్రమ కట్నం. చేతి ఖర్చు వారిది. ఆ పైన బంధుత్వాలకు మామూలు ధరే, మహా అయితే కొంత తగ్గింపు. బావగారి చెల్లెలి పెళ్లి ఈ రెండో కోవలోకి వచ్చేదే. జరిగిపోయిన దానికి ఇప్పుడు డబ్బు అడగవద్దు, కానీ తరువాతి కార్యానికి ధర ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక్క విషయంలో మిమ్మల్ని గట్టిగా హెచ్చరించవలసి ఉంది: "మా ఇంటావిడ వద్దంటోంది" అన్న మాట బంధువుల దగ్గర ఎన్నడూ అనవద్దు. నిర్ణయం మీది అయినప్పుడు నింద ఆమె మీద పడకూడదు. ఇంటి ఖర్చుకు ఉంచిన డబ్బు ఆల్బంకు పోయిందన్న ఆమె బాధ సమంజసమైనదే. ఇక ముందు ఎవరికి తగ్గించాలన్నా ముందు ఆమెతో చెప్పి చేయండి.

పొలం విషయంలో నేను నాన్నగారి పక్షమే. కెమెరా కొన్ననాటి నుంచే దాని విలువ పడిపోతుంది. ఆషాఢం, పుష్యం, మూఢం రోజుల్లో పెళ్లిళ్లు ఉండవు కానీ వడ్డీ మాత్రం ఆగదు. ఖరీదైన లెన్సులను అవసరమైన రోజుకు అద్దెకు తెచ్చుకోవచ్చు. కొనక తప్పదనుకుంటే, చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకం కిశోర్ విభాగంలో 50 వేల నుంచి 5 లక్షల వరకు తనఖా లేకుండా బ్యాంకులు రుణం ఇస్తాయి, మీ బ్యాంకులో విచారించండి. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యం నమోదుకు రుసుము లేదు, అది ముందుగా చేయించుకోండి. స్టూడియో డబ్బుకు వేరే ఖాతా తెరవండి. "ఆట" అన్నందుకు నొచ్చుకోకుండా నాన్నగారిని ఒక రోజు మడిగెలో కూర్చోబెట్టండి; పాస్‌పోర్ట్ ఫొటోలకు వచ్చేవారిని, ఆల్బంల కోసం నిలబడేవారిని ఆయన కళ్లారా చూడాలి.

స్టూడియో మూయాలా వద్దా అన్నది ఈ కోపంలో తేల్చవద్దు. గడిచిన ఏడాది రాబడినీ ఖర్చునూ పుస్తకంలో రాసి, బంధువులకు ఉరకనే చేసిన పనులకు మీ మామూలు ధర వేసి పక్కన చూపించండి. అవి కలిపితే ఇల్లు గడిచేటట్టుంటే స్టూడియోను కొనసాగించండి. అవి కలిపినా చాలకపోతే, నల్లగొండలోనే ఉద్యోగం చూసుకొని, లగ్గాల సీజన్‌లో ఆర్డర్లు చేసుకునే వీలు గురించి మీ భార్యతో కలిసి ఆలోచించండి.