వేళ్లు చాపాడు కదా అని నార్మల్ రాసేశా!

ప్రశ్న: సార్ నమస్తే. తిరుపతిలో ఫైనల్ ఇయర్ ఎంబీబీఎస్ చదువుతున్నా. పోయిన వారం క్యాజువాలిటీకి ఒక పాతికేళ్ల అబ్బాయి వచ్చాడు, రేణిగుంట రోడ్డులో బైక్ స్కిడ్ అయి హ్యూమరస్ షాఫ్ట్ (భుజానికీ మోచేతికీ మధ్య ఎముక నడిమి భాగం) విరిగింది, తోలు మాత్రం చీరలేదు. రేడియల్ నర్వ్ (మణికట్టునీ వేళ్లనీ పైకెత్తించే నరం) చూడమంటే వేళ్లు చాపమన్నా, చాపాడు, నార్మల్ అని కేస్ షీట్‌లో రాసేశా. పొద్దున రౌండ్స్‌లో చూస్తే రిస్ట్ డ్రాప్, మణికట్టు వేలాడిపోతోంది! అందరి ముందూ తిట్లు. పైగా నర్వ్ ఓపెన్ చేసి చూడకుండా స్ప్లింట్ వేసి పెట్టారు, అదేంటి సార్?
– ఒక విద్యార్థిని

జవాబు: తిట్లు తిన్నావు కదమ్మా, ఇంక రిటైర్ అయ్యేదాకా మర్చిపోవులే. ఈ పొరపాటు నేనూ చేసిందే. వేళ్ల చివరి రెండు కీళ్లు చాపేదానికి రేడియల్ అక్కర్లేదు, లంబ్రికల్స్, ఇంటరాసియై అనే అరచేతిలోని చిన్న కండలు చాలు, వాటికి కరెంటు వచ్చేది అల్నార్, మీడియన్ నర్వ్‌ల నుంచి. కాబట్టి ఇంకోసారి అరచెయ్యి నేల వైపు పెట్టించి, మణికట్టు కింద నీ చెయ్యి ఆనించి పట్టుకుని, పిడికిలి బిగిస్తే పొడుచుకొస్తాయే ఆ కణుపులు, వాటి దగ్గర నుంచి వేళ్లు పైకెత్తమను. తర్వాత మణికట్టు, బొటనవేలు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వెనకవైపు స్పర్శ. ట్రైసెప్స్ (మోచెయ్యి చాపే కండ) పనిచేస్తోందని మాత్రం మురిసిపోవద్దు, దాని బ్రాంచీలు చాలావరకు పైనే విడిపోతాయి, షాఫ్ట్ మధ్యలో విరిగితే అది బాగానే ఉంటుంది. ఇంకో సంగతి, మొదటి రోజు సరిగా రాయకపోతే నర్వ్ యాక్సిడెంట్‌లోనే పోయిందా, మనం ఎముక లాగి సర్దినప్పుడు పోయిందా అని తర్వాత ఎవడూ తేల్చలేడు. మీ సార్ కోపం అందుకే.

ఇక ఆపరేషన్. తోలు చీరని కేసుల్లో నర్వ్ తెగడం తక్కువ, సాగడమో నలగడమో ఎక్కువ, సెడ్డన్ అనే సర్జన్ 1943లో చెప్పిన న్యూరాప్రాక్సియా (నర్వ్ కొన్నాళ్లు మొద్దుబారడం), యాక్సనాట్‌మెసిస్ (లోపలి తీగలు తెగినా పైతొడుగు నిలవడం) అవే. పదిమందిలో ఏడెనిమిది మందికి దానంతటదే తిరిగొస్తుంది. ఎప్పుడొస్తుందో టేపు పెట్టి లెక్క కట్టొచ్చు: విరిగిన చోటు నుంచి ముంజేతి బ్రేకియోరేడియాలిస్ కండలోకి నర్వ్ దూరే చోటు దాకా కొలువు, రోజుకి 1 మిల్లీమీటర్ చొప్పున 10 సెంటీమీటర్లకి 100 రోజులు, పైన ఒక నెల కలుపుకో. ముందు లేచేది ఆ కండే. ఈఎంజీ (కండలో కరెంటు చూసే పరీక్ష) 3, 4 వారాల తర్వాతే, ముందే చేయిస్తే డబ్బులు దండగ. నర్వ్ తిరిగొచ్చేదాకా మణికట్టుని పైకెత్తి ఉంచే కాక్-అప్ స్ప్లింట్, రోజూ వేళ్లు ఆడించడం, లేకపోతే నర్వ్ వచ్చేలోపు కీళ్లు బిగుసుకుపోతాయి, అప్పుడు నర్వ్ వచ్చీ ఏం లాభం. లెక్క ప్రకారం రావాల్సిన టైం దాటినా ఏ కదలికా లేకపోతే తెరిచి చూస్తారు. గాయం ఓపెన్ అయినా, రక్తనాళం తెగినా మాత్రం వెయిట్ చేసే పనే లేదు. వైవాలో హోల్‌స్టీన్-లూయిస్ ఫ్రాక్చర్ అడుగుతారు, హ్యూమరస్ కింది మూడో వంతులో స్పైరల్‌గా విరగడం, 1963లో ఆ ఇద్దరూ తెరిచి చూడాల్సిందే అన్నారు, ఇప్పుడు వాటిల్లోనూ చాలావరకు ఆగి చూస్తున్నారు.

ప్రశ్న: చిత్తూరులో హౌస్ సర్జన్‌ని సార్. ఎనిమిదేళ్ల పిల్లోడికి సుప్రాకాండైలర్ ఫ్రాక్చర్ (మోచేతికి కాస్త పైన ఎముక విరగడం), ఎక్కడో కట్టు కట్టించుకుని వచ్చారు, రాత్రంతా ఏడుపంట. కట్టు విప్పుతామంటే వాళ్ల అవ్వ ఒప్పుకోదు. పల్స్ తగులుతోంది కదా, పొద్దున దాకా చూడొచ్చా?

జవాబు: చూడొద్దు! పుత్తూరు కట్టు పేరు తెలిసిన జిల్లా మనది, కట్టు మీద నమ్మకం ఉంటుంది, దాంతో నువ్వు పోట్లాడొద్దు. బిగుసుకుంటే ఎవరి కట్టయినా ఒకటే, మనం వేసే పీఓపీ (ప్లాస్టర్ కట్టు) కూడా. పిల్లోడి వేళ్లు మెల్లగా వెనక్కి చాపు, గట్టిగా కేక పెట్టాడంటే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (లోపల ఒత్తిడి పెరిగి కండకి రక్తం అందకపోవడం) అనుకోవాల్సిందే, పల్స్ ఉన్నా సరే. దూదితో సహా తోలు కనపడేదాకా కట్ చెయ్యి, మోచెయ్యి మడత తగ్గించు, సీనియర్‌కి అప్పుడే ఫోన్ కొట్టు, తగ్గకపోతే ఫేషియాటమీ (కండ మీది పొర కోసి ఒత్తిడి తీయడం). కొన్ని గంటలు పోతే కండ చచ్చిపోయి వోక్‌మన్ కాంట్రాక్చర్ (చెయ్యి వంకరపోయి బిగుసుకుపోవడం), ఆ వోక్‌మన్ 1881లో రాసింది ఇదే. అవ్వకి "తీసేయట్లేదవ్వా, వదులు చేస్తున్నాం" అని చెప్పు, ఒప్పుకుంటుంది. పిల్లోడు ఏడుపాపాక బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నా చుట్టమను, గుండ్రంగా రాక నొక్కుకుపోతే యాంటీరియర్ ఇంటరాసియస్ నర్వ్ దెబ్బతిందని, ఈ ఫ్రాక్చర్‌లో ఎక్కువగా పోయేది అదే.

ప్రశ్న: ఏ నర్వ్ ఏ ఎముకతో అని గుర్తుండట్లా, షార్ట్‌కట్ ఉందా?

జవాబు: నీ ఒళ్లే తడిమి చూసుకో నాయనా. భుజం కింద సర్జికల్ నెక్ దగ్గర యాగ్జిలరీ. మోచెయ్యి లోపలివైపు తలుపుకి తగిలితే కరెంటు కొట్టినట్టు ఉంటుందే, అది అల్నార్. తుంటి వెనక్కి జారితే సయాటిక్. మోకాలి బయటివైపు, కాస్త కిందకి వేలు పెట్టి నొక్కు, ఫిబులా మెడ, కామన్ పెరోనియల్ అక్కడ తోలు కిందే ఉంటుంది, పీఓపీ అంచు అక్కడ ఒరుసుకున్నా చాలు ఫుట్ డ్రాప్. అంతెందుకు, చెన్నై బస్సులో కాలు మీద కాలేసుకుని నిద్రపోయి, దిగేటప్పుడు పాదం లేవక పడబోయిన పెద్దాయన్ని నేనే చూశా.